ముసురులో మేనమామ ప్యాచ్

నెత్తి మీద అతికించిన జుట్టుతో వానాకాలంలో ప్రయాణం పెట్టుకునేవాళ్లకు నా మొదటి సలహా: పెట్టుకోకండి. నాకు తప్పలేదు. అక్క కూతురు చిన్నికి పదకొండో నెల. కాళేశ్వరంలో పుట్టువెంట్రుకలు తీయాలంటే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేయాల్సింది మేనమామే. పైగా బావ చెల్లెలు స్రవంతి కూడా వస్తోంది. మా ఇద్దరికీ సంబంధం మాటలు నడుస్తున్నాయి. ఆమె చూసిన ఫోటోలో నాకు ఒత్తయిన జుట్టుంది. అందులో ముందు సగం ప్యాచ్ అని అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు చెప్పాలని తెలుసు, ధైర్యమే చాలలేదు.

ఉదయం 5.50కి జనగామలో రైలెక్కాను. మా బట్టల కొట్లో ఏరి తీసిన పట్టు గౌను, గొడుగు, మెత్తటి తువ్వాలు సంచిలో ఉన్నాయి. ప్యాచ్ ముందు వైపు టేపుతో, వెనక క్లిప్పులతో నిలుస్తుంది. అతికించిన రోజంతా నీళ్లు తగలకూడదు. తడిస్తే రుద్దకూడదు, అద్దాలి. తడి మీద హెల్మెట్ పెడితే సాయంత్రానికి వచ్చే వాసన పగవాడికి కూడా వద్దు. ఇన్ని తెలిసినవాణ్ణి, టేపు చుట్టను ఇంట్లో అద్దం ముందే మరిచిపోయాను. వరంగల్ దాటాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

జల్లు మొదలవగానే కిటికీ మూశాను. ఎదురు సీటు అవ్వకు కోపమొచ్చింది.

"జర గాలి రానియ్యి కొడుకా. కరుగనీకె ఉప్పు బస్తావా ఏంది?"

నేను కరగను, నా టేపు ఊరుకోదు అని ఆమెకు ఎట్లా చెప్పను?

8.10కి మహబూబాబాద్. స్టేషన్ బయట నాలుగు ఇడ్లీలు తిని నిలబడేసరికి బావ జీపు మాట్లాడుకుని వచ్చాడు. అక్క ఒళ్లో చిన్ని, పక్కన స్రవంతి. ఆమె అక్కడి దవాఖానలో నర్సు. నన్ను చూసి జరిగి, "కిటికి పక్కకు కూసోండి, సల్లగుంటది" అంది. వద్దని నడిమధ్యలో ఇరుక్కున్నాను. నర్సంపేట, ములుగు మీదుగా దారంతా ముసురే.

11.40కి ఘనపూర్‌లో చాయ్‌కి ఆగాం. జీపు దిగి పది అడుగులు వేశానో లేదో, గొడుగు తిరగబడి వాన నెత్తిన పడింది. నుదుటి దగ్గర అంచు లేచింది. కిరాణా కొట్లో టేపు లేదు. పక్క దుకాణంలో ఆత్రంగా, "అన్నా, ప్యాచ్ ఏసే సామాను ఉందా?" అని అడిగాను.

"ఉంది. ఏ బండి?"

అప్పుడు చూశాను, గోడ నిండా టైర్లు.

"బండికి కాదన్నా, నెత్తికి" అన్నాను గొంతు తగ్గించి.

అతను నా నుదురు చూశాడు, చేతిలోని సొల్యూషన్ ట్యూబు చూశాడు. "గిది పెడితె ఊడదు తమ్మి. మల్ల తియ్యాల్నంటె తోలుతోనే వస్తది."

ఆ జిగురు జోలికి ఎవరూ పోకండి. నేను తువ్వాలు తలకు చుట్టుకుని జీపెక్కాను. "ఏంది బామ్మర్ది, పంచాయితి చెప్పబోతున్నవా?" అని బావ నవ్వాడు. స్రవంతి పంచర్ దుకాణం వైపు చూస్తోంది.

భూపాలపల్లి దాటి 1.30కి కాళేశ్వరం చేరాం. గోదావరిలో అందరూ మునిగారు. నేను కాళ్లు మాత్రం కడుక్కుని తువ్వాలు తీశాను. చిన్నిని ఒళ్లో పెట్టుకుని మూడు కత్తెర్లు వేశాను. మంగలి పని ముగించేదాకా పిల్ల బాగానే ఉంది. తర్వాత రెండు చేతులతో నెత్తి తడుముకుని, జుట్టున్న మా అందరినీ చూసి గుక్కపట్టింది. అక్క ఎత్తుకున్నా, బావ ఆడించినా ఆగలేదు. పిల్ల ముఖం కందిపోయింది.

ఆలోచించి ఉంటే చేసేవాణ్ణి కాదు. వెనక క్లిప్పులు తీశాను, ముందు టేపు ఎప్పుడో నానిపోయింది. బోడి నెత్తిని చిన్ని ముందు వంచాను. "సూడు బిడ్డా, మామది గూడ నీ లెక్కనే!"

చిన్ని గుక్క ఆపింది. నా నెత్తి మీద రెండు దెబ్బలు వేసి కిలకిలా నవ్వింది. మిగతా ఎవరూ నవ్వలేదు. స్రవంతి వైపు చూడలేకపోయాను.

ఆమె గొంతే వినబడింది. "గనపురంల పంచర్ దుకాణానికి ఎందుకు వోయిన్రో ఇప్పుడు సమజైంది."

అందరూ పగలబడి నవ్వారు. కానీ నవ్వు జవాబు కాదు కదా. దర్శనంలోనూ, పులిహోర తింటున్నప్పుడూ నాకదే గుబులు.

సాయంత్రం 5.30కి భూపాలపల్లి బస్టాండులో నన్ను హనుమకొండ బస్సెక్కించారు. ప్యాచ్ తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. స్రవంతి గొడుగుతో కిటికీ దగ్గరికి వచ్చింది.

"ముసురు వట్టినప్పుడు గది ఎట్ల ఆరుతది?"

"షాంపుతోని కడిగి, తువ్వాలల అద్ది, ఫ్యాన్ కింద పెడితె తెల్లారెవరకు ఆరుతది."

"పొయ్యి కాడ పెట్టొచ్చా?"

"వద్దొద్దు, ఎంటికలు కరాబైతయి."

"సరే, యాదికి పెట్టుకుంట" అంది.

బస్సు కదిలింది. పరకాల దాకా జల్లు కొడుతూనే ఉంది, నా బోడి నెత్తి హాయిగా తడుస్తోంది. కండక్టర్ టికెట్లు కొడుతూ వచ్చి, "కిటికి మూయన్నా, మొత్తం నానుతున్నవ్" అన్నాడు.

"నాననియ్యన్నా" అన్నాను. "నేనేమన్న ఉప్పు బస్తానా?"