కెర్నల్‌లో కంత, ఇంట్లో గుట్టు

మా ఆయన చేపలు తెస్తానని పూండి చెరువుకు పోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజున నాకు అనుమానం మొదలైంది.

"చేపలు యాడ బావా?" అని అడిగాను.

"బాగలేవు. అన్నీ నిన్నటివే" అని బండి తాళం మేకుకు తగిలించి గదిలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు మెట్ల దగ్గర కింది వాటాలో ఉండే ఇంటామె పలకరించింది. ఆమె పుట్టిల్లు పూండి పక్కనే. "ఏం పాపా, మీ ఇంటాయన నిన్న చెరువు కట్ట మీద నిలబడుకోని ఇంగ్లీషులో మాట్లాడతా ఉన్నాడే. బస్సులోంచి చెయ్యి కూడా ఊపినా. చూడనే లేదు. అంత ముఖ్యమా?"

"ఆఫీసు పని అక్కా" అన్నాను. ఆఫీసు పనికి ఇల్లు వదిలి కట్ట మీదకు పోవడమెందుకో నాకు తెలియలేదు.

ఆయన నాకు మేనత్త కొడుకు. అత్తవాళ్ళది తిరుత్తణి, మాది తిరువళ్ళూరు. పెళ్ళయ్యాక తిరువళ్ళూరులోనే మేడ మీది వాటా అద్దెకు తీసుకున్నాం. ఇద్దరం చేసేది ఒకే రకం పని, కంపెనీలు మాత్రం వేరు. ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు, నేను వారంలో సగం రోజులు రైల్లో మద్రాసు పోయి వస్తాను. మా పని కెర్నల్‌తో. ఫోనుకైనా కంప్యూటరుకైనా అన్నిటికంటే అడుగున ఉండే సాఫ్ట్‌వేర్ అది. పైన ఆడే ప్రతి ప్రోగ్రాముకూ చోటు కేటాయించేదీ, ఒకదాని సామాను ఇంకొకటి ముట్టుకోకుండా కాపలా కాసేదీ అదే. అందులో కంత పడితే దొంగ నేరుగా ఇంటి యజమాని అయిపోతాడు. మేం వాడే కెర్నల్‌ను ఏ ఒక్క కంపెనీ రాయలేదు. లోకమంతా కలిసి రాస్తుంది, ఎవరు ఏ వరుస మార్చారో పేరుతో సహా అందరికీ కనిపిస్తుంది.

ఆ పని ఆయనకు నేర్పింది నేనే. పెళ్ళినాటికి ఆయన వెబ్‌సైట్లు కట్టేవాడు. మొదటిసారి కెర్నల్‌ను సొంతంగా తయారుచేసి మిషన్ లేపింది నా లాప్‌టాప్ మీదే, నా పక్కన కూర్చునే. అప్పుడు నా మెడ చుట్టూ చెయ్యేసి "గురువుగారూ" అన్నాడు. అందుకే ఆయన నా దగ్గర ఏదో దాస్తున్నాడని తెలిసేసరికి ఒళ్ళు మండింది. నేను టీ పట్టుకుని గదిలోకి వస్తే లాప్‌టాప్ మూత సగం దించేవాడు. ఫోను మోగితే పైన డాబా మీదకు పోయేవాడు. ఒకసారి ఆయన వెనకే మెట్లెక్కాను. "థాంక్యూ, థాంక్యూ సో మచ్" అంటున్న గొంతు వినబడింది. అంత మెత్తటి గొంతు నాతో వాడి ఎన్నాళ్ళయిందో అనుకుంటూ దిగిపోయాను.

ఇక పట్టలేక ఒక సాయంత్రం అడిగేశాను. "ఎవురామె?"

"ఎవురు ఎవురు?"

"నువ్వు కట్ట మీదకి పోయి మాట్లాడేది ఎవురితో?"

నా ముఖం చూసి ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "అయ్యో, అదేం లేదు. పని. చెప్పగూడదు."

"నాకు గూడానా?"

"నీకే చెప్పగూడదు. నీది వేరే కంపెనీ గదా. అర్థం చేసుకో."

అర్థమైంది. కెర్నల్‌లో పెద్ద కంత ఎవరికైనా దొరికితే ముందుగా రహస్య బృందానికి చెబుతారు. కంత పూడ్చే అతుకు తయారై అందరికీ చేరడానికి ఒక గడువు పెడతారు, అది ముగిసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మా ఆయనకు అలాంటిది దొరికింది. ఆ మెత్తటి గొంతు ఆ బృందంతో. నేను ఊపిరి పీల్చుకోవాల్సింది. పీల్చుకోలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఎవరో ఆడమనిషే అయ్యుంటే బాగుండుననిపించింది. ఆడమనిషయితే కొట్లాడవచ్చు, పుట్టింటికి పోవచ్చు, అత్తతో చెప్పుకోవచ్చు. దీనికి ఎవరితో కొట్లాడను? ఇన్నేళ్ళలో నాకొక్కటీ అలాంటిది దొరకలేదు. నేను పంపే సవరణలకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: తీసుకున్నాం.

గడువు ముగిసిన ఉదయం నేను రైల్లో ఉన్నాను. తిరునిన్రవూరులో జనం ఎక్కి ఊపిరాడనివ్వని బండిలో, కిటికీ పక్కన నలిగిపోతూ ఫోనులో ఆ సవరణ తెరిచాను. పేరు ఆయనదే. కింద, ఆ భాగాన్ని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్న పెద్దావిడ మాట: ఎంతో శ్రద్ధగల కన్ను పట్టుకున్న తప్పు.

ఆయన సరిచేసిన ఫంక్షను, ఆ కోడు ముక్క, చూడగానే నా చెవులు వేడెక్కాయి. అది నాకు తెలుసు. నిరుడు దాన్ని పూర్తిగా చదివాను. దాని పైనున్న వివరణలో ఒక స్పెల్లింగు తప్పుంటే దిద్ది పంపాను కూడా. ఆ వివరణ కింది వరుసలోనే ఉంది కంత. ఒక ప్రోగ్రాము ఖాళీ చేసిన చోటును కెర్నల్ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, కానీ పాతవాడి దగ్గర తాళంచెవి అలాగే ఉండిపోతుంది. నేను అక్షరం దిద్ది పోయాను, ఆయన తాళంచెవి చూశాడు.

ఆ సవరణను నేను చదివింది మెచ్చుకోవడానికి కాదు. తప్పు పట్టడానికే చదివాను. ఆవడి దాటింది, అంబత్తూరు దాటింది, నేను తలెత్తలేదు. ప్రోగ్రాము తనంతట తాను చోటు ఖాళీ చేస్తే తాళంచెవి వెనక్కి తీసుకునేట్టు ఆయన సరిచేశాడు. సరే. కానీ ఇచ్చిన సమయం అయిపోయి కెర్నలే ఖాళీ చేయిస్తే? ఆ దారి వేరు. ఆ దారిలో తాళంచెవి ఇంకా పాతవాడి చేతిలోనే ఉంది.

దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

ఆఫీసులో కూర్చుని ఆ దారిన నడిచే చిన్న ప్రోగ్రాము రాశాను. ఆడించగానే పరీక్షకు పెట్టుకున్న మిషన్ బిగుసుకుపోయింది. తెర నిండా కెర్నల్ గోల. పండగొచ్చినట్టు సంబరపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, లోకంలో లెక్కలేనన్ని మిషన్లలో ఈ కంత ఇంకా తెరిచే ఉందని. వెంటనే రహస్య బృందానికి రాశాను. ఆ మెయిల్లో ఆయన అడ్రసు నేను చేర్చలేదు. కావాలంటే వాళ్ళే చేర్చుకుంటారనుకున్నాను. ఇప్పుడు గడువు నాది, గుట్టు నాది. రాత్రి ఆయన పక్కనే కూర్చుని చపాతీలు తిన్నాను, ఒక్క మాట అనలేదు.

ఆదివారం తిరుత్తణి పోయాం. అత్త ఆయన గొప్పతనం వీధంతా చాటేసి ఉంది. చిన్నమామ, పక్కింటివాళ్ళు కూడా భోజనానికి వచ్చారు.

"మావోడు లోకంలో ఉండే ఫోన్లన్నీ కాపాడినాడంట" అని అత్త ఆకులో పప్పు వడ్డిస్తూ అంది. "నువ్వు గూడా అదే పని గదమే? నీకెప్పుడు దొరుకుతుందో!"

"దొరుకుతుందిలే వదినా" అన్నాడు చిన్నమామ. "వాడే నేర్పిస్తాడు, టెన్షన్ ఎందుకు?"

నీళ్ళు తాగాను. నాకూ దొరికిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, కానీ చెప్పకూడదు. ఆయన నా వైపు చూసి, "నాకు నేర్పించింది ఆమేలే చిన్నాయనా" అన్నాడు. ఆ మాటకు ఇంకా మండింది. జాలిపడుతున్నాడనిపించింది.

అప్పుడే ఆయన ఫోను గిర్రుమంది. ఎడమ చేత్తో తీసి చూశాడు. చదువుతూ చదువుతూ నమలడం ఆపేశాడు. తలెత్తి, ఎదురు వరుసలో కూర్చున్న నన్ను చూశాడు. నేను చారన్నం కలుపుకుంటున్నాను.

"ఏమైందిరా, ఉప్పెక్కువైందా?" అంది అత్త.

"లేదమ్మా. బాగుండాది" అన్నాడు ఆయన.

తిరుగు ప్రయాణంలో బండి అరక్కోణం చేరింది. అక్కడ బండి కాస్త ఖాళీ అయ్యాక ఎదురుగా కూర్చున్న ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"బృందమోళ్ళు నన్నూ చేర్చినారు. ఈ రెండో కంత ఎప్పుడు చూసినావు?"

"నీది బయటికొచ్చిన దినమే."

"అప్పట్నించీ నా పక్కనే ఉండి ఒక్క మాట చెప్పలేదు."

"నువ్వు చెప్పినావా?"

"నాది రూలు."

"నాదీ రూలే."

కిటికీ వైపు తిరిగాడు. ఆయన దవడ కదులుతోంది. కోపమో ఏడుపో తెలియలేదు. నాకు జాలి రాలేదు, భయం వేసింది. అటు చూస్తూనే మెల్లగా అడిగాడు. "ఆ దారి నాకెందుకు తట్టలేదు? నీకెట్ల తట్టింది?"

"తప్పు దొరకాలనే చదివినా బావా. నీ మీద ఏడుపుతో చదివినా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నాకు మొదటిది ఎట్ల దొరికిందనుకున్నావు?"

"ఎట్ల?"

"నువ్వు చెయ్యిపెట్టిన ఫైళ్ళే ఏరుకోని చదువుతా నేను. ఎప్పట్నించో. నువ్వు చూసి వదిలేసినది ఏదన్నా ఒకటి నాకు దొరికితే చాలనుకున్నా. ఒక్కసారన్నా నీకంటే ముందు చూడాలని."

గురువుగారూ అని పిలిచిన నోటి వెనక ఇదొకటి ఉందని నేనెన్నడూ అనుకోలేదు. కడంబత్తూరు దగ్గర బండి చాలాసేపు నిలబడింది. ఆయన సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు కాబట్టి దాచాల్సింది లేదు. తిరువళ్ళూరు వచ్చేదాకా ఆ ఫంక్షను మీద కొట్లాడుకున్నాం. తాళం ఎక్కడ వెయ్యాలని ఆయన, అసలు తాళంతో పని లేకుండా రాయవచ్చని నేను. ఎదురుగా పూల గంప పెట్టుకున్న ముసలామె, మొగుడూ పెళ్ళాం దేనికో ఘోరంగా తగువులాడుతున్నారనుకుని తమిళంలో "విడుమ్మా, విడు", పోనీలెమ్మా అని నన్ను సముదాయించింది.

చివరికి మా ఇద్దరి అతుకులూ నిలవలేదు. ఆ పెద్దావిడ రెండూ చూసి, అన్ని దారులూ ఒకే చోట కలిసేట్టు ఆ భాగమంతా తీసేసి కొత్తగా రాసింది. మాకంటే తక్కువ వరుసల్లో రాసింది. కింద, తప్పు చూపినవారు అని రెండు పేర్లు పెట్టింది. ఆయనది ముందు, నాది తర్వాత. అక్షరక్రమం అని సరిపెట్టుకుందామంటే అదీ కుదరదు.

ఆ వరుస అటూ ఇటూ అయ్యుండాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ మాట ఆయనకు చెప్పాను. "నాకు నీ పేరు అసలు లేకుండా ఉంటే బాగుండుననిపించింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం, కానీ ఇద్దరం నిజమే చెప్పాం.

ఇప్పుడు రెండు మేజాలు ఎదురెదురుగా వేసుకున్నాం. మధ్యాహ్నాలు ఆయన తల పక్కకు వంచి, "ఏ ఫైలు చదువుతా ఉండావు?" అని అడుగుతుంటాడు.

నేను చెప్పను.