నా చేతి కొలత

నాకు ముక్కు మీద కోపం. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక కూడా అది తగ్గలేదు. ఇంట్లో నన్ను భరించలేక మా ఆవిడే కంచరపాలెంలోని సైకిళ్ళ షెడ్డుకి తోలింది. ఉక్కునగరంలో క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్ళు మెట్ల కింద పడివున్న పాత సైకిళ్ళు మాకిస్తారు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన వాటిని బాగుచేసి, దూరం నడిచి బడికెళ్ళే పిల్లలకి ఊరికే ఇస్తాం.

షెడ్డులో నేను పెట్టిన రూలు ఒకటుంది. పక్క సందు రైలు పట్టాల వైపు వాలుగా దిగుతుంది. ఆ వాలులో తొక్కుకుంటూ వచ్చి, నేను సుద్దతో గీసిన గీత దాటకుండా ఆపాలి. ఆపలేనివాళ్ళకి సైకిల్ లేదు. బ్రేకులు నేనే బిగిస్తాను, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.

ఈసారి బడులు తెరిచే ముందు, ఎనిమిది పాసైన ఆడపిల్లలిద్దరు ఒకే వీధి నుంచి వచ్చారు. ఇద్దరూ గీత దాటేశారు. ఒకమ్మాయి ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. రెండో అమ్మాయి మాత్రం నిలబడి, "బ్రేకు పడట్నేదు తాతా" అంది.

"ఆడలేక మద్దెల ఓడందట!" అన్నాను, నలుగురూ వినేలా.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ అపార్టుమెంట్లలో అంట్లు తోముతుంది.

"తొమ్మిదో తరగతి బడి దూరం బాబూ. సైకిలు దొరక్కపోతే సదువు మానిపించెత్తానంతన్నాడు దీని నాన్న."

అమ్మాయి మళ్ళీ తొక్కింది. చెప్పులు నేలకి రాసుకుంటూ మళ్ళీ గీత దాటింది. నేను నోరు తెరిచేలోపు తల్లి వచ్చి, కూతురి చెయ్యి హ్యాండిల్ మీద పెట్టి చూపించింది.

"ఒకపాలి సూడండి బాబూ. ఏళ్ళు అందుతన్నాయేటి?"

వేలి కొసలు మాత్రమే బ్రేకుని తాకుతున్నాయి. పక్కన నా చెయ్యి పెట్టి చూశాను. పానాలు తిప్పి తిప్పి మొద్దుబారిన నా చేతికి అది చక్కగా సరిపోయింది. ఇన్నాళ్ళూ బ్రేకులు నా చేతికి బిగించి, పరీక్ష పిల్లలకి పెట్టానన్నమాట. ఈసారి మద్దెలే ఓడు. ఆ తల్లి ముందు సిగ్గుతో తలెత్తలేకపోయాను.

చిన్నపిల్లల సైకిల్‌ది ఒక బ్రేకు పిడి తీసి దానికి వేశాను. తీగకి గ్రీజు పెట్టి, స్ప్రింగు వదులు చేశాను. అమ్మాయి వాలు దిగింది. గీతకి జానెడు ముందే చక్రం ఆగింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పైకి మాత్రం గొలుసుకి నూనె చాలలేదని గొణిగాను.

సైకిల్ తీసుకుని కూడా ఆ పిల్ల కదల్లేదు.

"మరి ఆ పిల్లకో, తాతా?"

"ఏ పిల్ల?"

"ఆ రోజు నాతో వచ్చినాది. ఏడ్సుకుంటా ఎల్లిపోనాది. పిలిత్తే ఇంక రానంతంది."

నిజం చెప్పొద్దూ, ఆ పిల్లని నేను అప్పుడే మర్చిపోయాను. ఇంకో సైకిల్ దించి పానా అందుకున్నాను.

"దాని సెయ్యి ఎంతుంటాదమ్మా?"

అమ్మాయి నా అరచేతి మీద తన అరచెయ్యి పరిచింది. "ఇంతే ఉంటాది."

ఆ చేతి కొలతకే బ్రేకు వేశాను. రానన్న పిల్లని రమ్మనడానికి నాకు ముఖం చెల్లలేదు. అమ్మాయి తన సైకిల్ మీద ముందు దారి చూపిస్తుంటే, రెండోది నడిపించుకుంటూ వాళ్ళ వీధికి నేనే వెళ్ళాను. తలుపు తీసిన పిల్ల నన్ను చూసి వెనక్కి తగ్గింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "ఒకపాలి తొక్కి సూడు."