దుప్పటి డాక్టరు

పొద్దున్నే ఆసుపత్రిలోకి రాగానే పెద్ద డాక్టరు చేసే మొదటి పని, నడవాలో నిలబెట్టిన ప్లాస్టిక్ అస్థిపంజరానికి దుప్పటి కప్పడం. కప్పకుండా ఉన్నది ఏది కనిపించినా ఆయన చేతులు ఊరుకునేవి కావు. క్యాంటీన్‌లో ముక్కూముఖం తెలియనివాళ్ల టీ గ్లాసు మీద కూడా సాసరు బోర్లించి వెళ్లేవాడు. దాంతో ఆయన అందరికీ దుప్పటి డాక్టరైపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మకి మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఒక సాయంత్రం ఇద్దరూ బట్టల కొట్టు ముందునుంచి వెళ్తున్నారు. అద్దాల వెనక బొమ్మకి బట్టలు మారుస్తూ, కొట్టతను సగంలో లోపలికెళ్లాడు. పెద్ద డాక్టరు గబగబా వెళ్లి తన కోటు విప్పి బొమ్మకి తొడిగాడు.

"ఏంటి సార్, కోటు అమ్ముతారా?" అన్నాడు కొట్టతను తిరిగొచ్చి.

"లేదయ్యా, నువ్వు బట్టలు తెచ్చేదాకా ఉండనీ."

"బొమ్మకి చలేస్తోందా?"

"చలి కాదు, సిగ్గు."

కొట్టతను వీధిలోకి తొంగిచూసి, "ఏమ్మా, ఈయన మీ తాలూకానా?" అన్నాడు. పక్క కొట్లోని చెప్పుల వైపు దీక్షగా చూస్తూ, చిన్న డాక్టరమ్మ కాదని తల ఊపింది.

పక్షవాతంతో వచ్చినవాళ్ల మెదడులో రక్తం గడ్డ అడ్డుపడితే, సన్నటి గొట్టం పంపి దాన్ని బయటికి లాగడం వాళ్ల పని. గొట్టాన్ని తొడ మొదట్లోంచి పంపొచ్చు, మణికట్టులోంచీ పంపొచ్చు. ఏది మేలని వాదన లేచినప్పుడల్లా, "దుప్పటి డాక్టరు ఓటు మణికట్టుకే. తొడకైతే దుప్పటి తీయాలిగా" అని కుర్ర డాక్టర్లు కిసుక్కుమనేవారు.

ఒక మధ్యాహ్నం రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని తీసుకొచ్చారు. మాట పడిపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. తొందరలో చిన్న డాక్టరమ్మ ఆవిడ మీది దుప్పటిని ఒక్క లాగు లాగేసింది. ఆవిడ ఎడమచెయ్యి గాలిలో దుప్పటి కోసం వెతికింది. దొరక్క ముఖం పక్కకి తిప్పుకుంది. చిన్న డాక్టరమ్మకి ఎక్కడ చూడాలో తెలియలేదు.

"సార్, మణికట్టు నుంచి వెళ్దామా? సిగ్గుతో చచ్చిపోతున్నారు."

పెద్ద డాక్టరు స్కాన్ చూశాడు. "ఈవిడకి అటునుంచైతే మలుపు మీద మలుపు. ఆలస్యమైతే మాట తిరిగి రాదు. తొడ నుంచే."

అంటూనే, మధ్యలో చిన్న కిటికీ కత్తిరించిన దుప్పటి తీసి ఒక్కసారి విదిలించాడు. అది మెడనుంచి పాదాలదాకా పరుచుకుంది. కిటికీ సరిగ్గా సూది దిగాల్సిన చోటే వాలింది. మళ్లీ సర్దే పనే లేదు. శుభ్రం చేయడం దగ్గర్నుంచి అంతా ఆ కిటికీలోంచే నడిచింది.

గడ్డ బయటికొచ్చాక చిన్న డాక్టరమ్మ అడిగింది. "అంత గురి ఎలా కుదిరింది సార్?"

"రోజూ అస్థిపంజరం మీద సాధన చేస్తున్నానుగా. మాట పడిపోయినవాళ్లు చూడొద్దని అనలేరు కదమ్మా. అలాగని దుప్పటితో తడుముకుంటూ కూర్చుంటే మెదడు ఆగదు."

"మరి ఆ బట్టల కొట్టు బొమ్మ?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "అదా, ఊరికే. చూస్తూ ఉండలేకపోయాను."

మర్నాడు క్షమాపణ చెప్పుకుందామని చిన్న డాక్టరమ్మ వార్డుకి వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ మాట తడబడుతూ తిరిగొచ్చింది.

"దుప్పటి... లాగింది... నువ్వేనా?"

ఆమె తల దించుకుంది.

"కాళ్ల దగ్గర... జారింది. సరిగ్గా కప్పు."

ఎన్నిసార్లు కప్పినా ఒక పట్టాన ఆవిడకి నచ్చలేదు.

పెద్ద డాక్టరు ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్నాడు. అక్కడ మిక్సీకి కూడా చొక్కా ఉంది. ఆసుపత్రి నడవాలో పొద్దున్నే అస్థిపంజరానికి దుప్పటి విసిరేది చిన్న డాక్టరమ్మ. దుప్పటి డాక్టరు తాలూకానా అని ఎవరైనా అడిగితే, అవునంటుంది.