రవీంద్రనాథ్ గారి పదకొండు సెకన్లు

రవీంద్రనాథ్‌కి తెలియనిదంటూ ఈ భూప్రపంచంలో లేదు. ఉన్నా, తెలియదని ఒప్పుకోవడం ఆయన ఒంటికి పడదు. జర్మనీలోని కాట్‌బస్ వచ్చిన కొత్తల్లో ఇంటి చిరునామా నమోదుకి, అదే అన్మెల్దుంగ్‌కి, భార్య గిరిజని వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారిలో ఎవర్నీ అడగనంటే అడగనన్నాడు. తిన్నగా తీసుకెళ్ళి కుక్కల పన్ను కట్టే చోట లైన్లో నిలబెట్టాడు. తప్పని తేలాక "ఇక్కణ్ణుంచి మొదలెట్టడమే మంచిదిలే" అన్నాడు. తెనాలి పిల్ల గిరిజ ఆ పూటే ఆయన లోతు చూసేసింది. అప్పట్నుంచీ దారి అడిగే పని తనే పెట్టుకుంది.

కరోనా వచ్చి ఆఫీసు ఇంట్లోకి దిగాక ఆ తెలివికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. పగలంతా సాఫ్ట్‌వేర్, సాయంత్రమైతే టీవీలో అమెరికా ఫుట్‌బాల్. కాలితో తన్నేది తక్కువ, మీదపడి కుమ్ముకునేది ఎక్కువ. దానికి ఫుట్‌బాల్ అని పేరెందుకో గిరిజకి ఓ పట్టాన అంతుపట్టలేదు. నెల తిరక్కుండానే ఈయన అందులో పండితుడైపోయాడు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ క్లాసులు పీకాడు. లాక్‌డౌన్‌లో వాళ్ళు మాత్రం ఎక్కడికి పారిపోతారు పాపం.

అక్కడితో ఆగితే బాగుండును. రెండో ఏడు శీతాకాలం ముందు ఇంటివాడు ఫ్లాటు తన కూతురికి కావాలన్నాడు, ఖాళీ చేయమన్నాడు. గిరిజకి ఆరో నెల. ఆ ఊళ్ళో వోనుంగ్, అదే అద్దె ఇల్లు, దొరకడం మాటలా? కనబడ్డ ప్రతి ప్రకటనకీ రాసింది. సగంమంది జవాబే ఇవ్వలేదు, మిగతా సగం పేరు చూసి ఇల్లు పోయిందన్నారు. చివరికి హెర్ వెండ్లర్ అనే పెద్దాయన తన ఇంటి పై వాటా చూసుకోమన్నాడు. మీటె, అంటే అద్దె, అందుబాటులో ఉంది, ఆసుపత్రి రెండు వీధుల అవతలే. ఇంతకంటే మంచిల్లు ఇక దొరకదని గిరిజకి తెలుసు. అడిగినవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారనీ తెలుసు.

ఆ వెండ్లర్ యూనివర్సిటీ కుర్రాళ్ళ అమెరికా ఫుట్‌బాల్ జట్టుకి పెద్ద దిక్కు. గోడమీద జట్టు ఫొటో కనబడగానే రవీంద్రనాథ్ నోరు విప్పాడు. వంటగది ఎంతుందో గిరిజ కొలుచుకుని వచ్చేదాకా మూయలేదు.

"అయితే ఆదివారం మా మ్యాచ్‌కి గడియారం మీరే నడపండి. మనిషి దొరక్క చస్తున్నాం," అన్నాడు వెండ్లర్. "ఇంటి సంగతి మ్యాచ్ అయ్యాక మాట్లాడుకుందాం."

జర్మనీలో ఈ ఆట అమెరికా కాలేజీల నియమాలతో ఆడతారు. టీవీలో ఈయన చూసిందేమో జీతాలు తీసుకుని ఆడేవాళ్ళ ఆట. గడియారం దగ్గర రెండిటికీ బోలెడు తేడా. వెండ్లర్ పంపిన నియమాలు "తెలియనివాళ్ళకిలే" అని పక్కన పడేశాడు. గిరిజ చదివి తల పట్టుకుంది. బంతి పట్టుకున్నవాడు పడిపోతే గడియారం ఆగదట. పడినా, ముందుకి పోవలసిన పది గజాలూ వచ్చేస్తే ఆగుతుందట. ఆగినా, రిఫరీ చెయ్యి తిప్పగానే మళ్ళీ నడుస్తుందట. గీత దాటి బయటికి పోయినా అంతేనట, కానీ చివరి రెండు నిమిషాల్లో చెయ్యి తిప్పడాలు పనికిరావు, బంతి కదిలేదాకా ఆగే ఉండాలట. ఇది రాసినవాడి ఇంట్లో గోడగడియారం ఉండి ఉండదని గిరిజ తేల్చేసింది.

ఆదివారం ప్రేక్షకుల్ని రానివ్వలేదు. మాస్కులు, చేతులకి మందు, సాయం చేసేవాళ్ళకి మాత్రమే ప్రవేశం. గడియారం బొత్తం రవీంద్రనాథ్‌కి, పాయింట్ల బొత్తం గిరిజకి ఇచ్చి పక్కపక్కనే కూర్చోబెట్టారు. మ్యాచ్ పొడుగునా పది గజాలు వచ్చినప్పుడల్లా రిఫరీ ఆపమని చేతులూపడం, ఈయన ఆపకపోవడం, ఆయన అరవడం, అప్పుడు ఈయన "చూశాన్లే" అన్నట్టు తలాడించి ఆపడం. గిరిజ సిగ్గుతో చచ్చిపోయింది.

చివరి నిమిషం. వెండ్లర్ జట్టు రెండు పాయింట్లు పైనుంది. బంతి అవతలివాళ్ళది. వాళ్ళ కుర్రాడొకడు పది గజాలు సాధించి గోల్ కర్రలకి దగ్గర్లో, గీత లోపలే పడ్డాడు. రిఫరీ చేతులూపాడు.

"ఆపండి," అంది గిరిజ.

"నీకు తెలీదు," అంటూ ఆయన పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. "చివరి రెండు నిమిషాల్లో నియమాలన్నీ తారుమారవుతాయి. ఇప్పుడు ఆపకూడదు. ఎందుకంటే..."

ఆ ఎందుకంటే పూర్తయ్యేలోపు బోర్డు మీద సున్నా పడింది, హారన్ మోగింది. వెండ్లర్ కుర్రాళ్ళు గెంతులేశారు. అవతలివాళ్ళు రిఫరీ మీద పడ్డారు. ఆయన బల్ల దగ్గరికొచ్చాడు.

"వాడు పడ్డప్పుడు బోర్డు మీద ఎన్ని సెకన్లున్నాయి? తెలిస్తే చెప్పండి, తిరిగి పెడతాను. తెలియకపోతే నేను చేసేదేం లేదు, మ్యాచ్ అయిపోయినట్టే."

గిరిజ మొగుడి వైపు చూసింది. తెలియదు అంటే చాలు. నిజం కూడా అదే. ఆ ఒక్క ముక్క అంటే వెండ్లర్ గెలుస్తాడు, ఇల్లు దొరుకుతుంది. బల్ల కింద మొగుడి కాలు తొక్కింది.

"పదకొండు," అన్నాడు రవీంద్రనాథ్ ఠీవిగా.

పదకొండు పెట్టారు. అవతలివాళ్ళు బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్ని మూడు పాయింట్లు కొట్టేశారు. వాళ్ళ మూడూ బోర్డుకెక్కించింది గిరిజే.

వెండ్లర్ వస్తుంటే ఇంటి మీద ఆశ వదిలేసుకుంది. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"తెలియదంటే మేం గెలిచేవాళ్ళం," అన్నాడు గిరిజతో. "ఇల్లు నా చేతిలో ఉందని తెలిసి కూడా నిజం చెప్పాడు. నా పై వాటాలో ఉండాల్సింది ఇలాంటి మనిషే. ఎప్పుడూ ఇంతేనా ఈయన?"

గడ్డిమీద ఓ కుర్రాడు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. కరోనా పుణ్యమా అని ఆ ఏడు వాళ్ళకి దొరికింది ఆ ఒక్క మ్యాచే. గిరిజ గొంతుదాకా వచ్చింది నిజం. పై వాటా, ఆసుపత్రి, ఖాళీ చేయాల్సిన ఇల్లు కళ్ళముందు తిరిగాయి.

"ఎప్పుడూ ఇంతేనండీ," అంది.

బస్సులో రవీంద్రనాథ్ కాలుమీద కాలేసుకున్నాడు. "చూశావా, నిజాయితీకి ఇక్కడ విలువుంది."

"అసలు మీరు బోర్డు చూశారా?"

"చూడకుండా చెప్తానా? పదకొండు. కళ్ళారా చూశాను."

అబద్ధమాడుతున్నాడేమోనని గిరిజ ఆయన ముఖంలోకి వెతికింది. లేదు, నిజంగానే నమ్మేశాడు. ఈ మనిషి ఇక జన్మలో తెలియదు అనడు. ఎప్పుడూ ఇంతేనని నలుగురిలో సాక్ష్యం చెప్పి వచ్చింది తనే.