ముల్లంగి వరస

తన క్యాబేజీ నారుమడిలోనే అత్తగారు పురుగులు అంటుకునే జిగురు అట్ట పట్టుకుని దొంగలా నడుస్తుంది, ఎప్పుడూ ఎండకు ఎదురుగా. నీడ పడిందంటే ఆవగింజంత నల్ల పెంకు పురుగులు చెంగున ఎగిరి తప్పించుకుంటాయి. అవి మొలకల్ని జల్లెడ చేసేస్తాయని, ఎరగా మడి పక్కన ఓ వరస ముల్లంగి వేసింది. పురుగంతా దాని మీదే పడి మేస్తోంది. ఈ నారు పోతే ఈ ఏటికి పంట లేనట్టే. ఆ ఉదయం కొత్త కోడలు మురిసిపోతూ ఎదురొచ్చింది.

"అత్తయ్యా, పురుగు పట్టిన ముల్లంగి మొత్తం పీకేశాను!"

అత్తగారు నీడ సంగతే మరిచి మడిలోకి పరుగెత్తింది. లేత క్యాబేజీ ఆకుల మీంచి పురుగులు నల్లగా లేచాయి. కోడలి మొహం పాలిపోయింది.

"తెలీక చేశానత్తయ్యా."

"చెప్పకపోవడం నా బుద్ధితక్కువ. ఊఁ, పట్టు!" అంటూ జిగురు పూసిన అట్ట ఆమె చేతిలో పెట్టింది. "ముందు నువ్వు నడు. ఎండ మొహాన కొట్టాలి."

తాను వెనకే అడుగులో అడుగు వేసింది, కోడలి నీడలో.