పోలమ్మ పుట్టుమచ్చ

సీతమ్మధారలో మా సందు మొదట్లో సాయంత్రం అయ్యేసరికి నూడుల్స్ బండి ఒకటి వచ్చి నిలబడుతుంది. కాలిన మూకుడులో బండివాడు వెనిగర్ చల్లగానే గుప్పున లేచే పుల్లటి ఘాటుకి పక్కవాళ్లకి నోరూరుతుంది గానీ నాకు మాత్రం వీపు నిటారుగా అయిపోతుంది, ఎవరో వెనక నిలబడి నా చేతి వైపే చూస్తున్నట్టు. మొన్న ఆ బండి పక్కనుంచి నడుస్తూ ఒక ఉపన్యాసం కంఠస్థం చేసుకుంటున్నాను. బొమ్మలూ డిజైన్లూ నేర్పే కాలేజీవాళ్లు, కొత్తగా చేరిన పిల్లలకి పట్టుదల గురించీ ఆత్మవిశ్వాసం గురించీ నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచారు. ఏళ్ల తరబడి పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నదాన్ని కనుక ఆ రెండూ నా దగ్గర బస్తాల కొద్దీ నిలవ ఉంటాయని వాళ్ల నమ్మకం. నాలుగు మాటలూ తయారు చేసుకున్నాను కూడా. ఆ వాసన తగలగానే నాలుగూ ఎగిరిపోయాయి.

అది మా పెదనాన్న డార్క్‌రూమ్ వాసన. మా అమ్మ అక్కను చేసుకున్న ప్రకాశరావు పెదనాన్న వన్‌టౌన్‌లో ఫోటో స్టూడియో నడిపేవాడు. ఎర్ర బల్బు కింద ఫోటో కాగితాన్ని ఒక ట్రేలోంచి తీసి ఇంకో ట్రేలో ముంచే మధ్యలో వెనిగర్‌లాంటి పులుపు నీళ్ల ట్రే ఒకటి ఉండేది. నాకు పదేళ్లు వచ్చినప్పటి నుంచీ, అంటే డెబ్బైల చివరి నుంచీ, బడి లేని ప్రతి పూటా నా బతుకు ఆ మూడు ట్రేల చుట్టూ తిరిగింది. మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు, మా ఇల్లు స్టూడియోకి రెండు వీధుల అవతల. ఓడల్లోకి ఎత్తే ఇనప ఖనిజం దుమ్ము గాలి మళ్లిందంటే చాలు మా మీదికే వచ్చేది. దండెం మీద తెల్ల చొక్కాలు రెండు ఉతుకులకి గులాబీ రంగు తిరిగేవి, మూత మరిచిపోయిన పెరుగు గిన్నె మీద సన్నటి ఎర్ర పొర కట్టేది, వాన మొదలైన తొలి పావుగంటా చూరు నీళ్లు టీ డికాక్షన్‌లా కారేవి. ఆ దుమ్మును తిట్టుకోని ఇల్లు లేదు. అందరికంటే ఎక్కువ తిట్టుకునేది పెదనాన్న.

స్టూడియో ముందు గదిలో గోడకి నిలువుటద్దం, దానికి దారంతో కట్టేసిన దువ్వెన, అడుగంటిన పౌడరు డబ్బా ఉండేవి. ఆదివారం చర్చి అయ్యాక కొత్త బట్టల వాళ్లంతా ఆ దువ్వెన కోసం వరస కట్టేవారు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు కనుక గాజువాక అవతలి ఊళ్ల రైతులు దరఖాస్తులకి అతికించే చిన్న ఫోటోల కోసం బస్సు దిగి వచ్చి, కెమెరా ముందు ఊపిరి బిగపట్టి కూచునేవారు. యారాడ నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్లు, చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని పొగ తాగుతూ, గంప దించి గుమ్మంలోంచే గోడ మీది ఫోటోలు చూసి పోయేవారు. క్రిస్మస్ ముందు వారం పెద్దమ్మ పెరట్లో గులాబీ పువ్వులు వేయించేది. పిండిలో ముంచిన ఇత్తడి అచ్చు నూనెలో పెట్టి విదిలిస్తే పువ్వు ఊడి తేలేది. కొబ్బరి కజ్జికాయలూ బెల్లం అరిసెలూ దిగుతుంటే ఆ తీపి వాసన వెనక గదిలోని పులుపు వాసనతో కలిసిపోయి, మాకు పండగంటే సగం పులుపే అయిపోయింది.

పిల్లలం పారేసిన నెగెటివ్‌లు ఏరుకుని ఎండకెత్తి పట్టుకుని, ఇది ఎవరి ముఖమో చెప్పుకో అని పందెం వేసుకునేవాళ్లం. నెగెటివ్‌లో తెల్ల ముఖం నల్లగా ఉంటుంది, నల్ల జుట్టు ముసలిదానిలా తెల్లగా ఉంటుంది. మిగతావాళ్లు ఒకటి చెప్తే నేను పది చెప్పేదాన్ని. అది పెదనాన్న కంట పడింది. ఆ రోజు తలుపు దగ్గరే నా చెయ్యి పట్టుకుని వేళ్లు అటూ ఇటూ తిప్పి, సంతలో దూడను చూసినట్టు చూసి, నోట్లో చుట్ట తియ్యకుండానే "రేపట్నుంచి వచ్చీ" అన్నాడు.

అప్పట్లో ఫోటోలో ముఖం నున్నగా రావాలంటే నెగెటివ్ మీదే పెన్సిలు పని చెయ్యాలి. కిటికీ దగ్గర వాలుగా పెట్టిన గాజు పలక మీద నెగెటివ్ ఉంచి, కింద అద్దంతో వెలుగు పైకి కొట్టించి, సూది మొనలాంటి పెన్సిలుతో, భూతద్దంలోంచి చూస్తూ, మొటిమలూ మరకలూ ఒక్కొక్కటే పూడ్చాలి. నెగెటివ్ మీద పూడ్చిన చుక్క ఫోటోలో కనబడదు. గీత గీయకూడదు, రాతలో కామాల్లాంటి చిన్న చిన్న వంపులు పెట్టాలి. ఏడాదంతా నా చేత కామాలే పెట్టించాడు, పారేసిన నెగెటివ్‌ల మీద, రోజుకి రెండు గంటలు. పెన్సిలు చెక్కి గరుకు కాగితంలో తిప్పి తిప్పి మొన తీశాక అది సరిపోయిందో లేదో పెదనాన్న పరీక్షించే పద్ధతి ఒకటుంది. నా ఎడమ చేతి వెనక పొడిచి చూసేవాడు. గుచ్చుకుంటే సరే. గుచ్చుకోకపోతే, "పెన్సిలేటే ఇది, పొయ్యిలో కర్రా?" అని మళ్లీ మొదటికి. ఆ చుక్కలు మూడు ఇప్పటికీ నా చర్మం కింద నల్లగా ఉన్నాయి. కామాలు బాగా చెడిన నెగెటివ్‌లను ముందు గదిలో నిలువుటద్దం పక్కన నా పేరు రాసి మేకుకి గుచ్చేవాడు. దువ్వుకునే ప్రతివాడూ "ఎస్తేరంటే ఎవులూ?" అని అడిగి నవ్వుకునేవాడు. రాత్రి అన్నం దగ్గర ఏడిస్తే అమ్మ, "ఒగ్గీయే, ఆడపిల్లకిదేటి" అనేది. నాన్నైతే పదో తరగతి అవగానే టైపు నేర్పించి ఏదో ఆఫీసులో వెయ్యాలని అప్పటికే నిశ్చయం చేసుకున్నాడు. నాకు బొమ్మలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆ సంగతి నాన్నకి ఎక్కేలా చెప్పగలిగింది పెదనాన్న ఒక్కడే.

పదమూడో ఏట ఆ మాట ఇచ్చాడు. "ఒక్క ముకం సరిగ్గా సేసి సూపించు, మీ నాన్నతో నాను మాటాడతాను. పాడు సేసినావా, మళ్లీ పెన్సిలు ముట్టకు."

ఆ ఒక్క ముఖం పోలమ్మది. యారాడలో పడవ మీద చేపల వేటకి వెళ్లే నూకరాజు భార్య. అంతకు ముందు ఏడు సింహాచలం కొండకి వెళ్లి వస్తూ, కొత్త చీర కట్టుకుని ఉంది కదా అని మా దగ్గర ఒక ఫోటో తీయించుకున్నారు. ఆ ఏడు ఆమెకి జ్వరం వచ్చి వారం తిరక్కుండానే పోయింది. నూకరాజు ఐదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మం పట్టుకుని నిలబడి, "బావూ, ఆ పొటో ఉన్నాదేటి? పెద్దది సేసి పెట్టాల. ఆమె నేదు మరి" అన్నాడు. ఆమెకి ఇంకో ఫోటో లేదు. పెదనాన్న పెట్టెలోంచి నెగెటివ్ తీసి నా ముందు పెట్టాడు.

ఆ నెగెటివ్ నిండా దుమ్ము చుక్కలే. ఫిల్ము ఎక్కించేటప్పుడు మా ఊరి ఎర్ర దుమ్ము ఎలాగో లోపలికి దూరిపోయేది. అది పడిన చోటల్లా నెగెటివ్ మీద సూది బెజ్జమంత తెల్ల చుక్క మిగిలేది. రెండు రోజులు కూచుని నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం మీద చుక్క తరవాత చుక్క కామాలతో పూడ్చాను. నా చెయ్యి అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. డార్క్‌రూమ్‌లో పెదనాన్న పక్కన నిలబడి చూస్తుంటే ట్రేలో పోలమ్మ నీళ్లలోంచి లేచినట్టు మెల్లగా పైకి తేలింది. నున్నటి ముఖం, ఒక్క మచ్చ లేదు. పెదనాన్న ఎర్ర వెలుగులో దాన్ని చాలాసేపు చూశాడు. తీసి పులుపు నీళ్ల ట్రేలోకి మార్చాడు. తిట్టని రోజు ఆ గదిలో అదే మొదటిది కనుక, మెచ్చుకున్నాడనుకున్నాను. ఇంటికి వెళ్లే దారంతా నాన్నతో ఏం మాట్లాడతాడో, ఏ రంగుల డబ్బా కొనమంటాడో ఊహించుకుంటూ గెంతుకుంటూ వెళ్లాను.

దినాల ముందు రోజు నూకరాజు వచ్చాడు. ఫోటో నా చేతే ఇప్పించాడు పెదనాన్న. నూకరాజు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని అందుకున్నాడు, చూశాడు, వెలుగు కోసం గుమ్మంలోకి నడిచి మళ్లీ చూశాడు. పిల్ల సిట్టి, మునికాళ్ల మీద లేచి తొంగి చూసి, "ఇది మాయమ్మ కాదు" అంది.

"మా పోలమ్మకి కింద పెదవి పక్కన పుట్టుమచ్చుండాల గదా బావూ" అన్నాడు నూకరాజు, తనదే ఏదో పొరపాటైనట్టు.

నేను పూడ్చినవాటిలో ఒకటి దుమ్ము కాదు. నెగెటివ్ మీద దుమ్మూ పుట్టుమచ్చా రెండూ ఒకేలా ఉంటాయి.

"ఈ గుంటే సేసింది" అన్నాడు పెదనాన్న నా వైపు గడ్డం చూపించి. "కాయితం ఇదొక్కటే ఉంది. కుంచి అట్టుకో. మచ్చెక్కడో ఆల్నే అడిగి పెట్టు." ముందు గదిలో ఫోటోల కోసం వచ్చినవాళ్లు ఐదారుగురున్నారు. అందరూ దగ్గరికి జరిగారు. నేను నల్లరంగులో కుంచె ముంచి ఆ పిల్లను అడగలేక అడిగాను. సిట్టి ఫోటో మీద చూపించలేకపోయింది. నా గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కుని, నా పెదవి కింద వేలు పెట్టి, "ఇక్కడ" అంది. వేలు ఉప్పగా ఉంది. కుంచె గట్టిగా ఆనింది, మచ్చ ఉండాల్సినదానికి రెండింతలు పడింది. "సెనగ్గింజ పెట్టినాది" అన్నాడు పెదనాన్న, జనం నవ్వారు. నూకరాజు నవ్వలేదు. ఫోటోని తుండుగుడ్డలో చుట్టుకుంటూ, "పర్నేదమ్మా, అందంగానే సేసినావు" అన్నాడు. తండ్రి వెనకే వెళ్తూ సిట్టి గుమ్మం దాకా నన్ను తిరిగి తిరిగి చూసింది, వాళ్లమ్మను నేనెక్కడో దాచానేమో అన్నట్టు. వాళ్లు తిట్టి ఉంటే ఏదో ఒకనాటికి మరిచిపోయేదాన్ని.

తరవాత ఆరు నెలలు నన్ను పెన్సిలు ముట్టనివ్వలేదు. ట్రేలు కడిగాను, నేల తుడిచాను, మందు నీళ్లకి వేళ్లు పగిలి ముద్ద కలుపుకుంటే మండేవి. అయినా మానలేదు. దీన్నే ఇప్పుడు సభల్లో పట్టుదల అంటారు. నాది పట్టుదల కాదు, పంతం. నిజం చెప్పాలంటే పంతం కూడా కాదు, పగ. ఆ మనిషి తప్పు పట్టలేని ముఖం ఒకటి చేసి ఆయన ముందు పడేసి, ఇక మీ గుమ్మం తొక్కను అని చెప్పి పోవాలని ప్రతి రోజూ వెళ్లాను.

పదిహేనో ఏట, మళ్లీ డెస్కు దగ్గర కూచోనిస్తున్న రోజుల్లో, ఒక పెళ్లికొడుకు నుదుటి మీద కామాలు దట్టమయ్యాయి. పెదనాన్న దూది ముక్కకి టర్పెంటైన్ అద్ది నెగెటివ్ మీద ఒక్కసారి రాశాడు. కామాలన్నీ పోయి నెగెటివ్ మొదట్లో ఎలా ఉందో అలా అయింది. "తప్పొస్తే ఇలగ తుడిసెయ్యాల" అన్నాడు మామూలుగా.

"మరి పోలమ్మది?" అన్నాను.

"ట్రేలో ముకం తేలినప్పుడే సూసినాను. పొటో తీసినోడ్ని, నాకు తెల్దేటి?"

"మరెందుకు సెప్పనేదు?"

"సెప్పీసుంటే ఈ సెయ్యి నీకొచ్చీదేటే?"

పోలమ్మను పాడు చేసినా మాట తప్పలేదు, ఆ ఏడే నాన్నతో మాట్లాడాడు, నన్ను బొమ్మల చదువుకి పంపించారు. ఆయన అన్నది నిజమే కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తరవాత నేను ఏ ముఖంలోనూ ఏ మచ్చా పోగొట్టలేదు. ప్రతి బొమ్మనీ మూడుసార్లు సరిచూస్తాను, అయినా పంపించాక నిద్ర పట్టదు. ఆ బొమ్మలు చూసి జనం ఎంత నమ్మకంగా గీస్తుందో అంటారు. నాకు పాఠం చెప్పడానికి పెళ్లాం పోయినవాణ్ణి వాడుకున్నాడు, తల్లి పోయిన పిల్లను వాడుకున్నాడు. ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర అందరూ గొప్ప గురువని పొగిడారు. నేనూ తల ఊపాను.

స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నెగెటివ్‌ల పెట్టెలన్నీ ఫిల్ములోని వెండి తీసి అమ్ముకునేవాడికి తూకానికి ఇచ్చేశారు, మచ్చ లేని పోలమ్మ కూడా వాటిలోనే పోయింది. యారాడ ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు, ఏ ఇంటి గోడ మీదో శనగగింజంత మచ్చ నన్ను చూస్తుందని.

కాలేజీలో ఉపన్యాసం ఎలాగో ముగించాను. చప్పట్లు కొట్టారు. అయ్యాక గాజువాక నుంచి వచ్చే అమ్మాయి ఒకతె టాబ్లెట్ పట్టుకొచ్చి, చనిపోయిన తన అమ్మమ్మ ఫోటో మీద తను చేసిన పని చూపించింది. ముఖం గాజులా నున్నగా ఉంది. మచ్చేమైనా ఉండేదా అని అడిగాను. "ముక్కు పక్కన ఉంది మేడమ్, నీట్‌గా ఉంటుందని తీసేశాను. ఇవాళ అమ్మకి ఇస్తాను."

ఇవ్వు, తీసుకెళ్లి ఇవ్వు, అప్పుడు తెలుస్తుంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది, పెదనాన్న గొంతుతో, చుట్ట కంపుతో సహా వచ్చింది. నోరు మూసుకుని దాన్ని మింగాను. "మీ అమ్మ చూడకముందే పెట్టెయ్యమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తెర మీద వేలితో ఒకసారి తట్టింది. ముక్కు పక్కకి మచ్చ వచ్చేసింది. "అంతే మేడమ్" అని నవ్వింది.

అంతే. పెదనాన్న గదిలో టర్పెంటైన్ సీసా, డెస్కు దగ్గర కూచుని చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండేది.