జపాన్ పాట, నా ఎడమ చెవి

ఆ పాట నాకు మొదట వినిపించింది మా అమ్మాయి. ఇక్కడ జర్మనీలో, హాంబర్గ్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, అప్పుడు పదో తరగతి. ఒక ఆదివారం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వంటింట్లోకి వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది.

"నాన్నా, ఇది విను. జపాన్ బ్యాండ్. వాళ్ళ ఫస్ట్ సాంగ్."

రాక్ అంటే గోలే కదా అనుకున్నాను. డ్రమ్స్, గిటార్లు గట్టిగానే మొదలయ్యాయి. పల్లవి దగ్గరికి వచ్చేసరికి ట్రంపెట్లు, వాటి వెనక వయొలిన్లలా సాగే కీబోర్డు. కత్తి పక్కన పెట్టేశాను. కాలేజీ రోజుల్లో రాజమండ్రిలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. మేం సినిమా పాటల కోసం తంటాలు పడి పట్టుకున్న మోత అచ్చం ఇలాగే ఉండేది.

"పాత పాటే ఇది. ఎవరో మళ్ళీ పాడారు," అన్నాను.

"నైన్, కాదు నాన్నా! కొత్తదే. వాళ్ళ పేరెంట్స్ టైములో పాప్ ఇలా ఉండేదట. అది వీళ్ళకి ఇష్టం."

కెల్లర్‌లో, అంటే ఇంటి కింద సామాన్ల గదిలో, మూలపడి ఉన్న కీబోర్డు ఆ సాయంత్రమే పైకి తెచ్చాను. తను గిటార్, నేను ట్రంపెట్ల భాగం. స్కూలు కచేరీలో ఇద్దరం కలిసి వాయించడానికి టీచరు ఒప్పుకున్నారు. ఎప్పుడూ గది తలుపు వేసుకుని కూర్చునే పిల్ల, "నాన్నా, వన్స్ మోర్" అంటూ నా పక్కనే కూర్చునేది.

ఒక ఉదయం ఆఫీసుకి వెళ్తుంటే రైల్లో ఎడమ చెవిలో దూది కుక్కినట్టయింది. మధ్యాహ్నానికి ఆ చెవిలోనే ఈల మొదలైంది. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మాత్రలిచ్చారు, తర్వాత చెవిలోకే ఇంజెక్షన్లు. వినికిడి కొంత తిరిగి వచ్చింది. వచ్చింది కూడా వంకరగా వచ్చింది. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే కుడి చెవికి ఒక శ్రుతి, ఎడమ చెవికి ఇంకో శ్రుతి.

"ఇది పాడైపోయినట్టుందే," అన్నాను.

అమ్మాయి తనే నొక్కి చూసింది. "కీబోర్డు బానే ఉంది నాన్నా," అంది మెల్లగా.

ఎడమ చెవిలో దూది పెట్టుకుని ప్రయత్నించాను. తను గిటార్ మీటగానే ఈల లేచి అన్నిటినీ మింగేసేది.

"హైదరాబాద్ వెళ్ళి చూపిద్దామండీ," అంది నా భార్య. వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు కూడా ఇక్కడివాళ్ళ మాటే చెప్పారు: ఇక ఇంతే, అలవాటు చేసుకోవాలి.

కచేరీలో నా భాగం మా అమ్మాయి క్లాసు పిల్ల ఒకతె వాయించింది. ముందు వరసలో కూర్చున్నాను. ఏది పల్లవో, ఏది చరణమో తెలియలేదు. రేకు డబ్బాలు దొర్లుతున్నట్టుంది. నా భార్య చప్పట్లు కొట్టాక నేనూ కొట్టాను.

"ఎలా ఉంది నాన్నా?"

"చాలా బావుందమ్మా."

నా ముఖంలోకి కాసేపు చూసింది. "ఓకే," అని గిటార్ సంచీలో పెట్టుకుంది. తర్వాత నన్నెప్పుడూ ఏ పాటా వినమనలేదు.

కొన్నాళ్ళు ఆ పాటని మనసులోనే పాడుకునేవాణ్ణి. అక్కడ చెవులతో పని లేదు కదా అనుకున్నాను. ఇప్పుడు అక్కడ కూడా శ్రుతి తప్పే వస్తోంది.